రెండోసారి వచ్చే రోగి



ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరు గారిది చిన్న ఊరి ప్రాక్టీసు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల పల్లెల్లో పేరు. జ్వరమొస్తే పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు ఉన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని తెచ్చుకునేదాకా ఆయన అదే గదిలో కూర్చున్నారు. ఆయన ఎక్కడ చదివారో, ఏ మెడల్ తెచ్చుకున్నారో ఆ తల్లులకు తెలియదు. పోయినసారి చూపించుకున్నాం, నయమైంది, కాకపోతే ఎక్కడికి వెళ్ళాలో ఆయనే చెప్పారు. వాళ్ళకు తెలిసింది అంతే, మళ్ళీ రావడానికి అది చాలింది. అందుకే ఈ సాయంత్రం ఆయన్ని తలుచుకుంటూ, ఆయన కాలానికి ఇంకా రాని ఒక పద్ధతి గురించి మాట్లాడతాను. ఫోన్‌లోనో కంప్యూటర్ తెర మీదో ఒకసారి డాక్టర్ని చూసిన రోగి రెండోసారి ఎందుకు వస్తాడు? ఎందుకు రాడు?

మన దగ్గర ఈ ఆన్‌లైన్ వైద్యం చిన్న విషయమేమీ కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ కోసం మొహాలీలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. అప్పటికి అది పల్లెలోని ఆరోగ్య కేంద్రాన్ని పెద్దాసుపత్రి డాక్టరుతో కలిపే ఏర్పాటు. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్ 13న, రోగి ఇంట్లోంచే నేరుగా డాక్టరుతో మాట్లాడే ఓపీ దానికి తోడైంది. అదే రోజున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 14410 నంబరుతో తన టెలీమెడిసిన్ సేవ ప్రారంభించింది. 2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద ఈ-సంజీవని కన్సల్టేషన్లు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. రెండో స్థానంలో ఉన్న రాష్ట్రం అందులో సగానికి కూడా చేరలేదు.

గర్వపడాల్సిన అంకె ఇది. అయినా దీన్ని చదివినప్పుడల్లా నా మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. 3 కోట్ల కన్సల్టేషన్లంటే ఎంతమంది మనుషులు? వాళ్ళలో తమంతట తాము మళ్ళీ వచ్చినవాళ్ళు ఎందరు? "ఇదేం వైద్యమమ్మా, చెయ్యి పట్టుకుని చూడనైనా లేదు" అనుకుని మర్నాడు ఊళ్ళో డిగ్రీ లేని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఎందరు? లెక్కల పుస్తకంలో ఈ రెండు రకాలవాళ్ళకూ ఒకటే గీత పడుతుంది.

లాక్‌డౌన్‌లో ఫోన్ చేసినవాళ్ళందరూ నమ్మి చేశారని నేననుకోను. బస్సుల్లేవు, ఓపీలు మూసేశారు, ఆసుపత్రికి వెళితే కరోనా అంటుకుంటుందని భయం. గత్యంతరం లేక చేశారు. తలుపులు తెరుచుకున్నాక చాలామంది తమ పాత డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయారు. అది సహజం. అయితే కొందరు వెళ్ళలేదు. బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు, పట్నం వెళితే ఒకరోజు కూలి పోయేవాళ్ళు, మనసు బాగోలేదని నలుగురిలో చెప్పుకోలేనివాళ్ళు తెర ముందు కూర్చోవడం మానలేదు. వాళ్ళను అక్కడ నిలిపింది ఏమిటో తెలుసుకోవడమే నా ప్రయత్నం.

ఒక వస్తువును మొదటిసారి వాడటం వేరు, వాడుతూ ఉండటం వేరు అని సమాచార వ్యవస్థల పరిశోధకుడు అనోల్ భట్టాచార్జీ 2001లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ముందు మనం ఏం ఆశించాం, వాడాక ఏం దక్కింది అన్న పోలికలోంచి తృప్తి పుడుతుంది, ఆ తృప్తి, ఉపయోగం ఉందన్న భావన కలిసి మనిషిని మళ్ళీ రప్పిస్తాయి అని దాని సారం. బ్యాంకు లావాదేవీలకూ రైలు టికెట్లకూ ఇది చక్కగా సరిపోతుంది. డబ్బు చేరిందో లేదో నిమిషంలో తెలుస్తుంది. వైద్యంలో అలా తెలియదు. వైరల్ జ్వరం మందు వేసినా వేయకపోయినా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఆ పేరు డాక్టరుకు వస్తుంది. మంచి డాక్టరు సరైన మందు రాసినా బీపీ మొదటి వారంలోనే దారికి రాకపోవచ్చు. ఆ నింద కూడా డాక్టరుకే. తనకు అందిన వైద్యం మంచిదో కాదో రోగి వైద్యం అయిపోయాక కూడా పూర్తిగా చెప్పలేడు. ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ మాటే చెప్పారు. వైద్యం కొనేముందు పరీక్షించి చూసుకునే సరుకు కాదు కాబట్టి, డాక్టరుకూ రోగికీ మధ్య నమ్మకం అనేది ఆ సంబంధంలోనే ఒక భాగమని ఆయన వాదన. అప్పటికి ఆయన మనసులో ఉన్నది ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు. ఆ గదిని తీసేస్తే నమ్మకం మీద పడే బరువు ఇంకా పెరుగుతుంది.

మొదటిసారి ఆ బరువును ఎవరో ఒకరు రోగి తరఫున మోస్తారు. చిత్తూరు జిల్లా అరగొండ సంగతి మీలో చాలామందికి తెలుసు. మన దేశంలో టెలీమెడిసిన్ చరిత్ర రాసే ప్రతివారూ ఆ ఊరి పేరు రాస్తారు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు లాంఛనంగా ప్రారంభించిన అపోలో టెలీమెడిసిన్ కేంద్రం అరగొండలోది. అందరూ ఉపగ్రహం గురించీ తెర గురించీ రాస్తారు. నాకు మాత్రం అంతకంటే ముఖ్యంగా కనిపించేది, ఆ ఊరు అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి గారి సొంత ఊరు కావడం. తెర అవతల ఉన్న నిపుణుడు ఎవరో తెలియకపోయినా, ఆయన్ని తెర మీదికి తెచ్చింది ఎవరో ఊరికి తెలుసు. మొదటిసారి కూర్చోవడానికి అది సరిపోతుంది. ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు యాప్‌లో బుక్ చేసి, "నాన్నా, సాయంత్రం ఆరింటికి డాక్టరు గారు వీడియోలోకి వస్తారు, రిపోర్టులు దగ్గర పెట్టుకో" అంటాడు. గుంటూరులో ఉన్న తండ్రి నమ్మేది కొడుకును. యాప్‌ను కాదు, డాక్టర్ని అంతకంటే కాదు. ఈ అరువు నమ్మకం ఒక్కసారికే చెల్లుతుంది. రెండోసారికి డాక్టరు సొంతంగా సంపాదించుకోవాలి.

ఎలా సంపాదించుకోవాలో తెలియాలంటే మన పల్లెల్లో ఆర్‌ఎంపీని ఎందుకు నమ్ముతారో ముందు అర్థం చేసుకోవాలి. చదువుకున్న డాక్టర్లం మనం ఆ నమ్మకాన్ని అజ్ఞానం అనేసి ఊరుకుంటాం. నేనలా అనలేను. అవసరం లేని సెలైన్లూ ఇంజక్షన్లూ స్టెరాయిడ్లూ చేసే హాని నాకు తెలుసు, దాన్ని సమర్థించను. కానీ అర్ధరాత్రి తలుపు కొడితే ఆయన లేస్తాడు. డబ్బు లేకపోతే పంట వచ్చాక ఇమ్మంటాడు. అన్నిటికంటే ముఖ్యం, రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి అదే ఊళ్ళో ఉంటాడు. ఆన్‌లైన్ డాక్టర్ని చూసిన రోగి మనసులో ఉండే అసలు ప్రశ్న డాక్టరు డిగ్రీ గురించి కాదు. ఈ మందు పడకపోతే రేపు ఎవర్ని అడగాలి? దీనికి జవాబు దొరికినచోట రోగి మళ్ళీ వస్తాడు. దొరకనిచోట, ఎంత పెద్ద నిపుణుడైనా సరే, రాడు. ఈ సభలో నేను చెప్పదలచింది నిజానికి ఇంతే. మిగతాదంతా దీని వివరణ.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ 3 కోట్లు సాధ్యం కావడానికి నా దృష్టిలో పెద్ద కారణం సాఫ్ట్‌వేర్ కాదు, ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్. బీఎస్సీ నర్సింగ్ చదివి వచ్చిన అమ్మాయి. పక్కన ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఉంటారు. వచ్చిన ముసలమ్మకు బీపీ చూసేది, వేలికి సూది గుచ్చి షుగరు చూసేది, ట్యాబ్‌లో డాక్టర్ని పిలిచేది ఆమె. డాక్టరు "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే ముసలమ్మ "మా చిన్నదాని పురుడప్పటి నుంచి" అంటుంది. ఆ పురుడు ఎప్పుడో తెలిసింది ఏఎన్‌ఎంకే. "అరికాళ్ళు మండిపోతున్నాయి, చెప్పులు జారిపోయినా తెలియట్లేదు" అన్న మాటను షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న లక్షణంగా తెర అవతలి డాక్టరు పట్టుకోగలిగాడంటే, ఆ మాట పూర్తిగా చెప్పించే ఓపిక పక్కన ఒకరికి ఉండబట్టే. అవతలి నుంచి ప్రిస్క్రిప్షన్ వచ్చాక మందులిచ్చేది ఎంఎల్‌హెచ్‌పీయే. పది రోజుల తర్వాత వీధిలో ఎదురుపడి "మాత్రలు వేసుకుంటున్నావా అవ్వా?" అని అడిగేదీ ఆమే. రేపు ఎవర్ని అడగాలన్న ప్రశ్నకు జవాబు ఆ అమ్మాయి. తెర మీది డాక్టరు మారినా ఆమె మారకపోతే రోగి వస్తూనే ఉంటాడు. అందుకే ఎంఎల్‌హెచ్‌పీలను తరచూ బదిలీ చేయడాన్నీ, రోజుకు ఇన్ని కన్సల్టేషన్లు చేసి చూపించాలని టార్గెట్లు పెట్టి ఒత్తిడి చేయడాన్నీ నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. టార్గెట్ కోసం చేసిన కాల్‌లో రోగి ముఖం చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇదే పాఠాన్ని కళ్ళ విషయంలో మనకంటే చాలా ముందు నేర్చుకుంది. 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఆ సంస్థ, పల్లెల్లో సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున విజన్ సెంటర్లు పెట్టి, వాటిలో ఆ చుట్టుపక్కల యువతీయువకులకే శిక్షణనిచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెట్టింది. అవసరమైతే వాళ్ళు దూరంలోని డాక్టరుతో మాట్లాడతారు. ఆపరేషన్ కావాలంటే ఏ ఆసుపత్రికి పంపాలో వాళ్ళకు తెలుసు. దారి మొత్తం ముందే వేసి ఉంది. తెర ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే.

ఇప్పుడు డాక్టరు వైపు వద్దాం. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వైద్య విద్యార్థులు వాటిని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. డాక్టరు తన పేరూ అర్హతా చెప్పాలి, ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రోగి ఎవరో, వయసెంతో తెలుసుకోవాలి. ఏ మందు మొదటి వీడియోలోనే రాయవచ్చో, ఏది ముందు చూసిన రోగికి మాత్రమే రాయవచ్చో, ఏది అసలు రాయకూడదో విడివిడిగా జాబితాలున్నాయి. నార్కోటిక్ మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు పూర్తిగా నిషిద్ధం. అన్నిటికంటే నాకు విలువైనదిగా తోచే నిబంధన, దూరం నుంచి వైద్యం చేయడం సరికాదనిపిస్తే ఏ దశలోనైనా ఆపి నేరుగా రమ్మని చెప్పే హక్కు డాక్టరుకు ఉండటం.

దాన్ని నేను హక్కు అనడం కంటే కర్తవ్యం అంటాను. యాభై దాటిన మనిషి ఫోన్ చేసి "గ్యాస్ పట్టేసిందండీ, ఎడమ పక్క బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయి, ఏదైనా మాత్ర చెప్పండి" అంటాడు. మన తెలుగువాళ్ళకు ఛాతీలో ఏం జరిగినా గ్యాసే. అక్కడ మాత్ర చెప్పే డాక్టరు ఆ క్షణంలో రోగికి ఇష్టుడవుతాడు. "నేను ఫోన్‌లో ఏం చెప్పను, మీరు ఇప్పుడే 108కి చేసి ఆసుపత్రికి వెళ్ళండి, ఈసీజీ తీయాలి, నేను లైన్‌లోనే ఉంటాను" అనే డాక్టరు ఆ క్షణంలో నచ్చడు. ఇంత దానికి డాక్టరెందుకని కూడా అనిపించవచ్చు. కానీ ఆ ఇంట్లోవాళ్ళు జీవితాంతం మళ్ళీ వచ్చేది ఆ రెండో డాక్టరు దగ్గరికే. నా అనుభవంలో ఆన్‌లైన్ వైద్యంలో నమ్మకం ఎక్కువగా పుట్టేది మందు రాసినచోట కాదు, రాయనన్నచోట. కడుపునొప్పి చెయ్యి పెట్టి చూడందే తేలదని ఒప్పుకునే డాక్టరు మిగతా విషయాల్లో చెప్పిన మాట నిజమే అయి ఉంటుందని రోగి అనుకుంటాడు.

చేత్తో ముట్టుకోని వైద్యం తక్కువ వైద్యమే అన్న ఫిర్యాదుకు కూడా నిజాయితీగా జవాబు చెప్పాలి. నిజమే, తెర మీద కాలేయం తగలదు, గుండె చప్పుడు వినపడదు. కానీ గదిలో మనం రోగికి ఎంత సమయం ఇస్తున్నాం? ప్రపంచంలోని 67 దేశాల్లో ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయాన్ని పోల్చిన సమీక్ష ఒకటి 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో అది 22 నిమిషాల పైచిలుకు, మన దేశంలో సుమారు 2 నిమిషాలు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లోనే మరొకటి చూపించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డుపడుతున్నాడు. ముట్టుకునే దూరంలో ఉండి కూడా వినకపోతే ఆ దగ్గరితనం దేనికి? తెర మీద డాక్టరు దగ్గర మిగిలిన పరికరాలు చెవి, కన్ను, నాలుక, ఈ మూడే. వాటిని పూర్తిగా వాడాలి. రోగి మాట్లాడుతుంటే పక్క ఫైలు చూడకూడదు. చివర్లో "నేను చెప్పింది మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అని అడగాలి. ముందరిసారి రాసుకున్నది చదివి "పోయిన నెల మోకాలు నొప్పన్నారు, తగ్గిందా?" అని మొదలుపెట్టాలి. ఈ ఒక్క వాక్యం వినగానే రోగి ముఖం విప్పారడం నేను ఎన్నోసార్లు చూశాను.

దీనికి పెద్ద అడ్డంకి, ప్రతిసారీ వేరే డాక్టరు రావడం. ఖాళీగా ఉన్న డాక్టరుకు కాల్ వెళ్ళే ఏర్పాటు క్యూ తగ్గించడానికి మంచిది, నమ్మకానికి మంచిది కాదు. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తే మూడోసారికి రోగి విసుగెత్తిపోతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు ఊళ్ళోకే రావాలని నియమం పెట్టారు. పేర్లూ ప్రభుత్వాలూ మారుతుంటాయి, నేను రాజకీయం మాట్లాడటం లేదు. ఊరికి వచ్చి ముఖం చూపించిన డాక్టరే ఆ తర్వాత ఫోన్‌లోనూ పలికితే, రెండు పద్ధతులూ ఒకదానికొకటి బలమిస్తాయి. ఆ ఆలోచనను ఎవరు అధికారంలో ఉన్నా వదులుకోకూడదు.

ఇంకొక విషయం, మగవాళ్ళు ఎక్కువగా ఉన్న సభల్లో ఎవరూ ఎత్తరు. మన ఇళ్ళలో ఫోన్ ఎవరిది? చాలా ఇళ్ళలో భర్తదో కొడుకుదో. తెల్లబట్ట అవుతోందని, నెలసరి ఆగట్లేదని, భర్త కొడుతున్నాడని, బతకాలని లేదని ఒక కోడలు చెప్పుకోవాలంటే, అత్తగారు మంచం మీద కూర్చుని వింటుంటే ఎలా చెబుతుంది? తెర ఇటువైపు డాక్టరు గదిలో తలుపు వేసి ఉండవచ్చు. అటువైపు తలుపే ఉండకపోవచ్చు. ఒకసారి అలా నోరు విప్పలేకపోయిన మనిషి రెండోసారి రాదు, ఆమె రాకపోవడం ఏ నివేదికలోనూ కనపడదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్, 14416 నంబరు, ఈ విషయంలో కొంత దారి చూపింది. వీడియో లేకుండా, మనిషి ముఖం చూపించకుండా తన భాషలో మాట్లాడుకోవచ్చు. ఆరోగ్య కేంద్రాల్లో ఆడవాళ్ళకు కర్టెన్ వేసిన ఒక మూల, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఉంటే చాలా మార్పు వస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు.

ఇక యాప్‌ల గురించి. రోగి మళ్ళీ రావడాన్ని వ్యాపార సంస్థలు కూడా శ్రద్ధగా లెక్కపెడతాయి. ఇక్కడే నాకు భయం. మళ్ళీ వచ్చాడంటే మంచి వైద్యం అందిందని అర్థం కాదు. జలుబుకు అడగ్గానే యాంటీబయాటిక్ రాసే డాక్టరుకు యాప్‌లో రేటింగ్ నక్షత్రాలు ఎక్కువ పడతాయి, వద్దన్న డాక్టరుకు తగ్గుతాయి. తత్త్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో నమ్మకం గురించి మాట్లాడుతూ, నమ్మకాన్ని పెంచడం కంటే నమ్మదగినవాళ్ళుగా ఉండటం ముఖ్యమని వాదించారు. నేను ఆమె పక్షమే. రోగి నమ్మకాన్ని కొలిచే ముందు, ఆ నమ్మకానికి తగినట్టు మనం ఉన్నామా అని కొలవాలి. మన మార్గదర్శకాల ప్రకారం యంత్రం, అంటే కృత్రిమ మేధ, రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. డాక్టరుకు సాయం చేయవచ్చు. అవతల మాట్లాడుతున్నది మనిషో కాదో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ఆ విషయంలో రోగిని మసకలో ఉంచే ఏ సేవ అయినా మోసమేనని ఈ వేదిక మీద నుంచి చెబుతున్నాను.

ఈ సభలో ప్రభుత్వ అధికారులున్నారు, ఆసుపత్రుల యాజమాన్యాలున్నాయి, రేపటి డాక్టర్లున్నారు. అధికారులకు నా విన్నపం: ఈ-సంజీవని లెక్కల్లో కన్సల్టేషన్ల సంఖ్య పక్కన, మళ్ళీ వచ్చిన రోగుల సంఖ్యనూ, నేరుగా ఆసుపత్రికి పంపినవాళ్ళ సంఖ్యనూ, రాసిన మందు ఆ కేంద్రంలో దొరకనివాళ్ళ సంఖ్యనూ జిల్లాల వారీగా ప్రచురించండి. బీపీ, షుగరు రోగికి ఒకే డాక్టర్ని కేటాయించండి. యాజమాన్యాలకు: డాక్టర్ని నిమిషాలతో, నక్షత్రాలతో తూచకండి, మందు వద్దన్నందుకు ఏ డాక్టరూ మీ దగ్గర నష్టపోకూడదు. విద్యార్థులకు: తెర మీద మొదటి రోగిని చూసే రోజున మీ పేరు, మీ రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా చెప్పండి, తగ్గకపోతే ఎవర్ని, ఏ నంబరులో, ఎప్పుడు అడగాలో చెప్పకుండా ఆ కాల్ ముగించకండి.